ఆరు చుట్ల తెల్ల టేపు

దుబాయ్ నుంచి ఇంటికి పోయే మనిషి అట్టడబ్బా కట్టాడంటే, దాన్ని మధ్యలో విప్పడమంటూ ఉండదు. టేపు అంటించి, తాడు బిగించి, నాలుగు పక్కలా నల్ల మార్కరుతో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాశాక అది మళ్ళీ సొంత ఇంట్లో, చుట్టూ పిల్లలు మూగినప్పుడే తెరుచుకోవాలి. జిలానీ బాషా కూడా అలాగే కట్టాడు. కట్టి రెండు రోజులన్నా కాలేదు, ఉల్లిగడ్డలు కోసే కత్తి పట్టుకొచ్చి దాని పొట్ట చీలుస్తున్నాడు.

పక్క మంచం మీద చాయ్ తాగుతున్న భోజన్న గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏమైంది భాయ్? పాస్‌పోర్ట్ గిట్ల అండ్ల వెట్టి మర్సినవా?"

"పాస్‌పోర్టు కాదప్పా, నా చేతులే దీంట్లో పెట్టి మూసేసినా!"

దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, మనవరాలికి కొన్న బొమ్మ అన్నీ మంచం మీదికి విసిరేసి, జిలానీ అట్టడుగు నుంచి ఒక బిస్కెట్ల రేకుడబ్బా లాగాడు. మూత తీస్తే లోపల సన్నటి స్క్రూడ్రైవర్లు, ఇత్తడి జెట్లు, ఒక చిన్న ప్రెషర్ గేజి. డబ్బాలో ఏమేం సర్దాడో నిన్న ఫోన్లో భార్యకు చదివి వినిపిస్తుంటే, చివర్లో ఈ రేకుడబ్బా పేరు విని షాహీదా "అది కూడా సర్దేసినావా?" అని రెండుసార్లు అడిగిందట. దాన్ని ఇప్పుడు ఒళ్ళో పెట్టుకుని, ఆ యాభై అయిదేళ్ళ మనిషి పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు.

షార్జాలో, రోలా పేటలోని ఆ గదిలో ఆరు మంచాలు. కిటికీ పక్క రెండూ పదకొండేళ్ళుగా వీళ్ళిద్దరివే. భోజన్నది నిర్మల్ జిల్లా ఖానాపూర్. బిల్డింగుల మెయింటెనెన్స్ కంపెనీలో ప్లంబరు. షార్జాలో వాళ్ళ కంపెనీ చూసే ఏ టవర్లో నల్లా కారినా పరుగెత్తాల్సింది అతనే. జిలానీది రాయచోటి. షార్జా బయట సజ్జాలో ఒక గ్యారేజీలో మెకానిక్కు. ఒకప్పుడు ఆయన బానెట్ ఎత్తకుండానే, ఇంజను చప్పుడు విని, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్లో ఏ జెట్టు, అంటే ఏ సన్నటి చిల్లు, మూసుకుపోయిందో చెప్పేవాడట. "ట" అని ఎందుకంటున్నానంటే, ఆ రోజుల్ని భోజన్న చూడలేదు. అతను వచ్చేసరికే కార్లన్నీ కంప్యూటర్ల చేతికి పోయాయి. కాకినాడ నుంచి వాసు అనేవాడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆ గ్యారేజీలో దిగాడు. ఒక వైరు గుచ్చి, తెర మీద చూసి, బండికున్న జబ్బేమిటో చెప్పేస్తాడు. జిలానీకి మిగిలింది ఆయిల్ మార్చడం, టైర్లు విప్పడం. పోయిన నెలలో గ్యారేజీ యజమాని, అందరూ అర్బాబ్, అంటే దొర, అని పిలిచే పెద్దాయన, మర్యాదగానే చెప్పాడు: "బాషా, నువ్వు అలిసిపోయావు. పదో తారీకుతో నీ వీసా అయిపోతుంది. ఇక ఇంటికి పోయి హాయిగా ఉండు."

నిజంగా అలిసిపోయి ఉంటే జిలానీ ఎగిరి గంతేసి పోయేవాడు. ఆయనకు ఇంటికి పోవడం బాధ కాదు. పనికిరావని పంపిస్తే పోవడం బాధ. ఆ నెల రోజులూ ఆయన అన్నం సగంలో వదిలేసి లేవడం భోజన్న చూస్తూనే ఉన్నాడు.

"ఇంతకు ఏమైందో జెప్పవైతివి," అన్నాడు భోజన్న.

"హమద్ ఫోన్ చేసినాడు," అన్నాడు జిలానీ. హమద్ అంటే అర్బాబ్ కొడుకు. ఏటా ఎండలు కాస్త తగ్గే వేళకు అతనూ స్నేహితులూ బదాయర్ ఇసుక దిబ్బ మీదికి బండ్లెక్కించి పందెం ఆడతారు. "ఈసారి ఏ బండిలోనూ కంప్యూటర్ ఉండగూడదని రూలు పెట్టుకున్యారంట. వాళ్ళ తాత ఆరు సిలిండర్ల బండి ఒగటి షెడ్డులో ఉండాది. దాంట్లో కంప్యూటర్ పీకేసి కార్బురేటర్ పెట్టాల. చేస్తావా బాషా అన్యాడు. ఆ మాట పూర్తిగాకముందే చేస్తానని చెప్పేసినా!"

"మరి నీ వీసా సంగతి?"

"అదీ అడిగినా. శనివారం సాయంత్రానికి బండి దిబ్బ కొసకెక్కితే వీసా కొట్టిస్తారు. వాళ్ళ నాయన మాటిచ్చినాడు. ఎక్కకపోతే ఖలాస్. ఈ డబ్బా మళ్ళా కట్టేదే."

భోజన్న మంచం దిగి నిలబడ్డాడు. తన వీసా అయినా ఇంత ఉలిక్కిపడేవాడు కాదేమో.

"అండ్ల పైపుల పని గిట్ల ఉంటదా?"

"ఉండేదంతా పైపుల పనే."

"గట్లయితే నేను గూడ వస్త."

ఏడాదిగా వాడుకోని సెలవులు అతనికి ఉన్నాయి. గురువారం నుంచి శనివారం దాకా మూడు రోజులు రాయించేశాడు. ఎందుకని ఫోర్‌మన్ అడిగితే పెళ్ళి అన్నాడు. ఎవరిదని ఫోర్‌మన్ అడగలేదు కాబట్టి సరిపోయింది.

గురువారం పొద్దున భోజన్న సజ్జా చేరేసరికి ఇంజను నెత్తిన కార్బురేటర్ కూర్చునే ఉంది. జిలానీ బండి కింద దూరి ఉన్నాడు. నడుం కింద పరుచుకున్నది ఏమిటా అని చూస్తే, ఆ కోసేసిన అట్టడబ్బానే. నల్లటి అక్షరాలతో "జిలానీ బాషా, రాయచోటి" అని పైకే కనబడుతోంది.

"నీ పేరు మీద నువ్వే పండినవేంది భాయ్?"

"సజ్జాలో ఇంతకన్నా మెత్తని పరుపు యాడ దొరుకుతాదప్పా?" అంటూ జిలానీ పెట్రోలు ట్యాంకులోంచి ఒక పంపు బయటికి లాగాడు.

"గది ఎందుకు పీకినవ్? కరాబైందా?"

"కరాబు కాల్యా. శానా గట్టిగా కొడతాది, అందుకే పీకినా."

ఇది భోజన్నకు అస్సలు మింగుడు పడలేదు. అతని లెక్కలో పైపు అన్నాక ప్రెషర్ ఎంతుంటే అంత మంచిది. ఇరవయ్యో అంతస్తులో షవరు సన్నగా వస్తోందని ఎంతమంది చేత తిట్లు తిన్నాడో అతనికే తెలుసు. జిలానీ బండి కింద నుంచి బయటికొచ్చి, రేకుడబ్బాలోంచి ఒక విడి కార్బురేటర్ తొట్టి తీసి చూపించాడు. కంప్యూటర్ బండికి నలభై అయిదు పౌండ్ల ఒత్తిడితో పెట్రోలు కావాలట. కార్బురేటర్‌కు ఆరు దాటితే తట్టుకోలేదట. ఈ చిన్న తొట్టిలో పెట్రోలు నిండుతుంది. నిండగానే ఈ బెండు పైకి తేలి, ఈ సూదిని పైకి తోస్తుంది. సూది పోయి పెట్రోలు వచ్చే మూతిని మూసేస్తుంది. వెనక నుంచి మరీ గట్టిగా తోస్తే సూది నిలవదు, తొట్టి పొర్లిపోతుంది.

భోజన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్కసారిగా తొడ చరిచాడు.

"అరే! గిది ఫ్లష్ ట్యాంక్ గద భాయ్! అండ్ల బంతి ఉంటది, నీళ్ళు నిండంగనే లేసి నల్లా బందు వెడ్తది!"

"అచ్చం అదే!" జిలానీ కళ్ళు మెరిసిపోయాయి. "ముప్పై ఏళ్ళలో ఒక్క నాకొడుక్కి కూడా ఇంత తొందరగా అర్థం కాల్యా!"

పదకొండేళ్ళు పక్క పక్కన పడుకున్నారు గానీ ఒకరి పని ఒకరికి తెలియడం అదే మొదలు. భోజన్నకు భలే హుషారొచ్చింది. ఇక ఎవరు చెప్పినా ఆగేలా లేడు. ట్యాంకు పక్కన తక్కువ ఒత్తిడి పంపు బిగించారు. దాని తర్వాత ఫిల్టరు. అక్కణ్ణుంచి పైపు ఇంజను దాకా వచ్చి, గ్యాస్ సిలిండర్ మీద ఉండేలాంటి ఒక రెగ్యులేటర్‌లోకి, అందులోంచి కార్బురేటర్‌లోకి. రెగ్యులేటర్ మీద గేజి. తాళం తిప్పగానే ముల్లు లేచి అయిదున్నర మీద నిలబడింది. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి గర్జించింది. ఆ గర్జనకు పక్క షెడ్డు వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. జిలానీ చెవి ఒగ్గి, చిన్న స్క్రూ పావు చుట్టు తిప్పి, మళ్ళీ విని, ఇంకో పావు చుట్టు తిప్పాడు. గర్జన కాస్తా జోలపాటలా సర్దుకుంది. కంప్యూటరూ లేదు, వైరూ లేదు. వాసు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఆ "ట" అప్పుడు పోయింది భోజన్న మనసులోంచి.

ఈ సంబరం మధ్యాహ్నం రెండున్నర దాకా ఉంది.

రెండున్నరకు ఎండ నలభై మూడు. గ్యారేజీ వెనక ఖాళీ జాగాలో జిలానీ బండిని చుట్లు తిప్పుతున్నాడు. పదో నిమిషంలో ఇంజను ఎక్కిళ్ళు పెట్టింది. పన్నెండో నిమిషంలో ఆగిపోయింది. గేజి ముల్లు గజగజ వణికి సున్నాకు పడిపోయింది. అరగంట చల్లారనిస్తే మళ్ళీ స్టార్టయింది, మళ్ళీ పదినిమిషాలకు చచ్చింది.

"పెట్రోలు పైపులోనే ఉడుకుతా ఉండాది," అన్నాడు జిలానీ నీరసంగా. "ఇంజను దగ్గరికొచ్చి దాని వంతు దాకా ఆడనే నిలబడాల. ఆ సెగకు ఆవిరైపోతా ఉండాది. పంపు ఆవిరిని ఏం తోస్తాది?"

వాసు మంచివాడే. మంచి మాటే అన్నాడు. "బాబాయ్, పాత సామానంతా అలాగే ఉంది కదా. రెండు గంటల్లో మళ్ళీ బిగించేద్దాం. ఈ ఏడాదికి వద్దని హమద్‌కి నేను సర్దిచెప్తానులే."

జిలానీ లేచాడు. కింద పరిచిన అట్టను దులిపి, మడిచి, చంకలో పెట్టుకున్నాడు. దాన్ని మళ్ళీ డబ్బా చేయొచ్చా అని చూస్తున్నట్టు భోజన్నకు అనిపించింది.

సాయంత్రం రోలాలో గదికి వచ్చి, భోజన్న స్నానానికి దూరాడు. ఎండాకాలం పూర్తిగా పోయేదాకా ఈ దేశంలో స్నానం తెలివైనవాళ్ళు చేసే పని. కొత్తగా వచ్చినవాడు నీలం గుర్తున్న నల్లా చల్లటిదనుకుని తిప్పి, కెవ్వున అరుస్తాడు. మేడ మీది ట్యాంకులో పొద్దుటి నుంచీ ఉడికిన నీళ్ళవి. అనుభవం ఉన్నవాడు గీజర్ స్విచ్చి ఆర్పేసి ఉంచి, ఎర్ర గుర్తు నల్లా తిప్పుతాడు. గీజర్లో పట్టి ఉన్న నీళ్ళు నీడలో, ఏసీ గాలికి చల్లబడి ఉంటాయి. భోజన్న కూడా ఎర్ర నల్లానే తిప్పాడు. తల మీద చల్లటి నీళ్ళు పడ్డాయి. పడుతుంటే అతని చెయ్యి సబ్బు మీదే ఆగిపోయింది.

ఎండలో నిలబడ్డ నీళ్ళు ఉడుకుతాయి. మరి పెద్ద టవర్లలో ఏసీలకు పోయే చల్లనీళ్ళు అన్ని అంతస్తులు తిరిగినా ఎందుకు ఉడకవు? వాటిని ఎవరూ నిలబడనివ్వరు కాబట్టి. ఒక పైపులో పోతాయి, ఇంకో పైపులో వెనక్కి వస్తాయి. రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. అలాంటి పైపులు అతను స్వయంగా ఎన్ని వేశాడు!

భోజన్న తువ్వాలు చుట్టుకుని, చెవుల్లో సబ్బు నురగతో బయటికి ఉరికాడు.

"భాయ్! పెట్రోలును నిలవడనియ్యొద్దు! వొయ్యేదానికి ఒక పైపు, మల్లచ్చేదానికి ఒక పైపు! ఇంజను తాగినంత తాగనీ, మిగిలింది ట్యాంకులకు వాపస్!"

జిలానీ అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. తర్వాత నుదురు టపటపా కొట్టుకున్నాడు.

"ఆ రెగ్యులేటర్‌కు వెనక్కి పోయే మూతి ఇంకొగటి ఉండాది భోజన్నా! రాయచోటి అంబాసిడర్లకు లేదు గదా, దీనికెందుకులే అని నేనే బోల్టు పెట్టి మూసేసినా!"

ఇద్దరూ ఒకరి భుజాలొకరు పట్టుకుని ఎగిరారు. మిగతా నాలుగు మంచాల వాళ్ళు క్రికెట్ చూడడం మానేసి వీళ్ళను చూశారు. భోజన్న తువ్వాలు గురించి వాళ్ళలో ఒకడు ఏదో అన్నాడు గానీ అది ఇక్కడ రాసే మాట కాదు.

శుక్రవారం పూర్తిగా భోజన్నది. వెనక్కి పోయే పైపు కొత్తది వంచాడు. ముందుకొచ్చే పైపును సైలెన్సర్ గొట్టం పక్క నుంచి తప్పించి అవతలి పక్కకు మార్చాడు. స్టీలు పైపు అతని చేతుల్లో అప్పడాల పిండిలా వంగింది. పక్క షెడ్డు వెల్డరు వచ్చి "ఏ కంపెనీ పనివాడివి?" అని అడిగితే ఛాతీ రెండంగుళాలు పొంగింది. కార్బురేటర్ దగ్గరి చివరి జాయింట్లు మిగిలి ఉండగా జుమ్మా నమాజు వేళయింది. జిలానీ చేతులు కడుక్కుని మసీదుకు పోయాడు.

"ఆ నాలుగూ బిగించేయప్పా, నేనొచ్చేసరికి," అని చెప్పి పోయాడు.

పెట్రోలు పైపుల జాయింట్లు నీళ్ళ పైపుల్లాంటివి కావు. పైపు మూతిని గంటలా విప్పారుస్తారు. లోహం మీద లోహం నొక్కుకుని కూర్చుంటేనే బిగుస్తుంది, ఇంకేదీ అక్కర్లేదు. ఈ ముక్క భోజన్నకు ఎవరూ చెప్పలేదు. జిలానీకి చెప్పాలని తోచలేదు, ఎందుకంటే మెకానిక్కులెవరికీ చెప్పనక్కర్లేదు. ఇక భోజన్నకు టేపు లేకుండా జాయింటు బిగించడమంటే బొత్తాలు లేని చొక్కా వేసుకోవడమే. చొక్కా జేబులో, నీళ్ళు కారకుండా పైపు మరలకు చుట్టే తెల్ల టేపు బిళ్ళ ఎప్పుడూ ఉంటుంది. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. మరకు ఆరు చుట్లు, సవ్యదిశలో, లాగి పట్టి, బొటనవేలితో నొక్కి. బిగించాక బయటికొచ్చిన అంచును గోటితో గీసి తీసేశాడు. మంచి ప్లంబరు చుట్టిన టేపు పైకి కనబడకూడదు. భోజన్న చాలా మంచి ప్లంబరు.

మూడు గంటలకు బండి తీశారు. నిన్నటి ఎండే. పది నిమిషాలు, ఇరవై, నలభై. గేజి ముల్లు అయిదున్నర మీద మేకు కొట్టినట్టు నిలబడింది. జిలానీ బండి దిగి, భోజన్న కుడిచెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ చెయ్యి గురించి భోజన్న ఆ రాత్రి కాస్త ఎక్కువే గర్వపడ్డాడు.

శనివారం సాయంత్రం నాలుగున్నరకు బదాయర్ తిరునాళ్ళలా ఉంది. ఎర్రటి ఇసుక దిబ్బ కింద ముప్పై నలభై బండ్లు, దల్లా కూజాల్లో గావా కాఫీ, ఖర్జూరాలు, ఏ రేడియోలో ఏ పాట వస్తోందో తెలియని రొద. ఒక్కొక్క బండికీ రెండు అవకాశాలు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినబడితే పందెం బంద్. అప్పటికే ఆరు బండ్లు ప్రయత్నిస్తే రెండే పైకెక్కాయి.

హమద్ తలకు గుడ్డ బిగించి చుట్టుకుని స్టీరింగ్ పట్టాడు. ముప్పై ఏళ్ళు లేవు అతనికి, తాత బండి అంటే ప్రాణం. "యల్లా!" అన్నాడు. బండి దూకింది. ఆ గర్జనకు భోజన్న గుండెలు అదిరాయి. పావు వంతు ఎక్కింది. సగం ఎక్కింది. "చలో, చలో, చలో!" అని భోజన్న గొంతు చించుకుంటున్నాడు. సగం దాటగానే వెనక నుంచి నల్లటి పొగ గుప్పున వచ్చింది. ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. బండి నెమ్మదిగా, సిగ్గుపడుతున్నట్టు, వెనక్కి జారుకుంటూ కిందికొచ్చింది.

బానెట్ ఎత్తితే పెట్రోలు వాసన భగ్గుమంది. కార్బురేటర్ నోట్లోంచి పెట్రోలు పొంగి ఇంజను మీద కారుతోంది. హమద్ తాళం తీసేశాడు. వాసు మంటలార్పే ఎర్ర సిలిండర్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. జిలానీ గేజి చూశాడు. ఆగేముందు ముల్లు అయిదున్నర మీదే ఉందని హమద్ చెప్పాడు. ఒత్తిడి సరిగ్గానే ఉంది. మరెందుకు పొర్లింది? జిలానీ ముఖంలో రక్తం లేదు. అట్టను ఇసుక మీద పరిచి, రేకుడబ్బా తెరిచి, కార్బురేటర్ విప్పడం మొదలుపెట్టాడు.

పొర్లుతున్న తొట్టి. ఆ మాట భోజన్న బుర్రలో తిరిగింది. పదకొండేళ్ళలో అతను పొర్లే ఫ్లష్ ట్యాంకులు ఎన్ని బాగుచేశాడు! పదింటిలో తొమ్మిదిసార్లు తప్పు బంతిది కాదు. నల్లా మూతిలో చెత్త ఇరుక్కుని బంతిని మూయనివ్వదు. ఆ చెత్త కూడా ఎప్పుడూ ఒకటే. ఎవడో ప్లంబరు చుట్టిన టేపు పీలిక.

చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. టేపు బిళ్ళ అక్కడే ఉంది. భోజన్నకు ఎడారి మొత్తం గిర్రున తిరిగింది. ఫిల్టరు ఉన్నది వెనక, ట్యాంకు దగ్గర. తను టేపు చుట్టింది ఫిల్టరు దాటాక, కార్బురేటర్ ముంగిట్లో. అడ్డుకునేవాడే లేడు.

జిలానీ సూదిని బయటికి లాగాడు. దాని మొన మీద సేమియా ముక్కంత తెల్లటి పీలిక. జిలానీ దాన్ని చూశాడు. తలెత్తి భోజన్నను చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అదే భోజన్నను చంపేసింది. జిలానీ పిడికిలి మూసేశాడు.

"క్యా హువా, బాషా?" హమద్ వచ్చి నిలబడ్డాడు.

"గల్తీ మేరీ హై," అన్నాడు జిలానీ లేచి నిలబడి. "పని నాది. తప్పు నాది."

దాచడం ఎందుకు, భోజన్నకు ఒక్క క్షణం ఊరుకుందామనే అనిపించింది. అక్కడ అతనెవరో సగం మందికి తెలియదు. వేరే కంపెనీ మనిషి. బస్సెక్కి రోలా పోతే అయిపోతుంది. జిలానీ బతికున్నన్నాళ్ళూ ఆ మాట ఎత్తడు కూడా. కానీ కాళ్ళ దగ్గర ఆ అట్ట ఉంది. దాని మీద ఆ పేరుంది.

"నై అర్బాబ్," అని ముందుకొచ్చాడు. జేబులోంచి టేపు తీసి అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. "మై కియా. యే పానీ కా టేప్ హై. మై ప్లంబర్ హూ. భాయ్‌కి ఎర్కనే లేదు, నమాజుకు వొయినప్పుడు నేనే చుట్టిన."

"నువ్వు నోరు మూసుకో భోజన్నా!" అన్నాడు జిలానీ.

"నువ్వే మూసుకో భాయ్! చుట్టింది నేనైతే నీ గల్తీ ఎట్లయితది?"

"చూసుకోవాల్సింది నేను గదా?"

"నువ్వు జూస్తె కనవడదు! నేను చుట్టిన టేపు ఎవ్వనికీ కనవడదు!"

హమద్ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు. మాట్లాడుతున్నది తెలుగు కాబట్టి సగమే అర్థమై ఉంటుంది, కానీ ఆ సగం చాలు. హిందీలో అన్నాడు: "మా గ్యారేజీలో ఏడాది పొడుగునా ఎవరు చెడగొట్టారని అడుగుతాను, ఒక్కడూ నోరు విప్పడు. ఇవాళ ఒక్క తప్పు కోసం ఇద్దరు కొట్టుకుంటున్నారు. యల్లా, ముందు బాగుచెయ్యండి. తర్వాత ఎంతసేపైనా కొట్టుకోండి."

సూర్యుడు దిబ్బ అంచుకు జానెడు ఎత్తులో ఉన్నాడు. ముప్పై నిమిషాలు.

అంత వేగంగా భోజన్న జన్మలో పనిచేయలేదు. నాలుగు జాయింట్లూ విప్పి, మరల్లోంచి టేపు పీలికలు గోటితో ఒక్కొక్కటీ లాగాడు. వాసు, టైర్లకు గాలి కొట్టే పంపు తెచ్చి ప్రతి పైపులోంచీ బుస్సుమని గాలి ఊదాడు. "ఊదు తమ్మీ, ఇంక ఊదు!" అంటే "ఊదుతున్నాను బాబూ, పైపు ఎగిరిపోయేలా ఉంది!" అంటున్నాడు. జిలానీ అట్ట మీద మోకాళ్ళూని తొట్టినీ సూదినీ పెట్రోలుతో కడిగాడు. తిరిగి బిగించేటప్పుడు భోజన్న చెయ్యి రెండుసార్లు జేబు వైపు పోయింది. మూడోసారి పోకముందే టేపు బిళ్ళ తీసి వాసు చేతిలో పెట్టాడు.

"గిది వట్టుకో. నేను కాళ్ళు మొక్కినా నాకియ్యకు."

లోహం మీద లోహం కూర్చుంది. జిలానీ స్పానరుతో చివరి బిగింపు ఇచ్చి, తాళం తిప్పమన్నాడు. ముల్లు అయిదున్నర. ప్రతి జాయింటునూ వేలితో తడిమి చూశాడు. పొడి. కార్బురేటర్ నోట్లోకి తొంగి చూశాడు. పొర్లడం లేదు.

హమద్ బండిని వెనక్కి, ఇంకా వెనక్కి తీసుకుపోయాడు. జనం రేడియోలు ఆపేశారు. జిలానీ కళ్ళు మూసుకున్నాడు. ఆయనకు చూడనవసరం లేదు, వింటే చాలు.

గర్జన మొదలైంది. పావు. ఇసుక రెండు పక్కలా రెక్కల్లా లేచింది. సగం. ఇందాక ఆగిన చోటు. భోజన్న ఊపిరి బిగబట్టాడు. పొగ లేదు. "పోతా ఉండాది," అన్నాడు జిలానీ కళ్ళు మూసుకునే, "తాగినంత తాగతా ఉండాది, పోతా ఉండాది..." ముప్పాతిక. ముందు చక్రాలు ఆకాశంలోకి లేచాయి. ఒక్క క్షణం బండి కొస మీద నిలబడి, అవతలి వైపుకు తల వంచింది. కింద నలభై బండ్ల హారన్లు ఒక్కసారి మోగాయి.

"ఎక్కేసింది బాబాయ్! ఎక్కేసింది!" వాసు జిలానీని ఎత్తి గిరగిరా తిప్పాడు. భోజన్న ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నవ్వుతున్నాడు. ఏడుపెందుకో నవ్వెందుకో అతన్ని అడిగి లాభం లేదు.

హమద్ కిందికొచ్చి, దిగకుండానే కిటికీలోంచి తండ్రికి ఫోన్ చేశాడు. అరబ్బీలో ఏదో అన్నాడు. తర్వాత జిలానీ వైపు తిరిగి, "సోమవారం నీ పాస్‌పోర్టు మా ఆఫీసులో ఇవ్వు, వీసా స్టాంపింగ్‌కి," అన్నాడు. అప్పుడే దూరంగా మగ్రిబ్ అజాన్ వినబడింది.

నమాజు అయ్యాక జిలానీ వచ్చి భోజన్న పక్కన కూర్చున్నాడు. జేబులో ఫోన్ మోగింది. షాహీదా. పందెం సంగతి ఆమెకు ముందే చెప్పి ఉన్నాడు. స్పీకర్లో పెట్టాడు.

"డబ్బా కట్టడం అయిందా? పదో తారీకు ఫ్లైట్ ఎన్ని గంటలకు?" అని అడిగింది.

జిలానీ కాళ్ళ ముందున్న అట్ట వైపు చూశాడు. పెట్రోలుతో, ఆయిలుతో, ఇసుకతో తడిసి చింకిపోయింది. పేరు సగం చెరిగిపోయింది. ఊరు అసలు కనబడడం లేదు.

"డబ్బా లేదు షాహీదా," అన్నాడు. "ఖరాబైపోయినాది."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. ఏడుస్తోందేమోనని భోజన్న తల పక్కకు తిప్పుకున్నాడు.

"బండి ఎక్కిందా?" అంది షాహీదా.

"ఎక్కినాది."

"అయితే ఇంకో డబ్బా తెచ్చి కట్టు. పిల్ల బొమ్మ కోసం ఎదురుచూస్తా ఉండాది, ఎవరన్నా వస్తా ఉంటే పంపించు." షాహీదా ఆగి, ముక్కు ఎగబీల్చింది. "ఆ రేకుడబ్బా మాత్రం దాంట్లో పెట్టొద్దు."